ఇపే కలప: బెంగళూరు పూలచెట్టుకు బంధువు, టేకుకు ప్రత్యామ్నాయం కాదు

సంక్షిప్తంగా: దక్షిణ అమెరికా అడవుల నుంచి వచ్చే ఇపే, ప్రపంచంలో అమ్మకానికి దొరికే అతి బరువైన, అతి గట్టి కలపల్లో ఒకటి. ఎండకూ వానకూ ఓర్చుకునే ఆరుబయటి చెక్కనేలకు దీనికి సాటివచ్చే కలపలు కొన్నే ఉన్నాయి. అదే గట్టిదనం సింహద్వారానికీ గుమ్మానికీ వచ్చేసరికి ఇబ్బందిగా మారుతుంది. 2024 నవంబరు 25 నుంచి ఈ కలప అంతర్జాతీయ వ్యాపారం, అంతరించే ప్రమాదమున్న వన్యజాతుల క్రయవిక్రయాలను నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చింది. దాంతో కొనుగోలుదారు ఇప్పుడు కర్రతో పాటు కాగితాలనూ చూడవలసి వస్తోంది.

పేరు దగ్గర మొదలైన గందరగోళం

వైట్‌ఫీల్డ్, సర్జాపుర, యలహంక వైపు సొంత ఇల్లు కట్టుకునే తెలుగు కుటుంబాలు కలప కోసం మైసూరు రోడ్డులోని న్యూ టింబర్ యార్డ్ లేఅవుట్‌కు వెళ్తే, ధరల చీటీ మీద "బ్రెజిల్ టేకు", "సౌత్ అమెరికా టేకు", "బ్రెజిలియన్ వాల్‌నట్" వంటి పేర్లు ఎదురవుతాయి. ఒకే ఖండం పేరు చెప్పుకునే ఈ సరుకుల్లో కనీసం మూడు వేర్వేరు కలపలు ఉన్నాయి. మొదటిది నిజమైన టేకే. ఈక్వడార్, బ్రెజిల్, కొలంబియా, పనామా, కోస్టారికా వంటి దేశాల తోటల్లో పెంచి పంపుతున్నది. రెండోది కుమారు అనే కలప. ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు. టేకుతో చుట్టరికం ఏమీ లేకపోయినా, అంతర్జాతీయ వ్యాపారంలో దీన్నే బ్రెజిలియన్ టేకు అంటారు. మూడోది ఇపే. బ్రెజిలియన్ వాల్‌నట్ అనేది దీని అమ్మకపు పేరు. అక్రోటు చెట్టుకూ దీనికీ ఉన్న పోలిక ముదురు గోధుమ రంగు ఒక్కటే.

ఈ పేర్లు మన అడితుల్లోకి ఇంతగా చొరబడటానికి ఒక నేపథ్యం ఉంది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. తరతరాలుగా "బర్మా టేకు" అన్న మాటనే నాణ్యతకు ముద్రగా భావించిన దక్షిణాది మార్కెట్టుకు ఒక్కసారిగా లోటు ఏర్పడింది. ఆ ఖాళీని ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల టేకు చాలావరకు పూరించింది. అమెరికా ఖండాల వైపు టేకు వెళ్లిన దారుల్లో ఒకటి బర్మా నుంచే. 1913లో ట్రినిడాడ్ దీవిలో నాటిన టేకుకు విత్తనం బర్మాదే. అంటే ఇప్పుడు కంటెయినర్లలో మన రేవులకు చేరుతున్న సరుకులో కొంత, సముద్రాలు దాటి తిరిగొచ్చిన బర్మా సంతతే కావచ్చు. తోటల టేకుకు గిరాకీ పెరిగిన ఈ కాలంలోనే, అదే ఖండం నుంచి వచ్చే అడవి కలపలకూ టేకు పేరు తగిలించి అమ్మడం సులువైంది.

పూలచెట్టు, కలపచెట్టు

ఇపేను బెంగళూరు వాసులు రోజూ చూస్తూనే ఉంటారు. కాకపోతే చెక్కగా కాదు, పూలుగా. చలికాలం చివర ఆకులన్నీ రాల్చి, గులాబీ, పసుపు రంగుల పూలతో నిండిపోయే టబెబుయాలు కబ్బన్ పార్కులోనూ జయనగర వీధుల్లోనూ నగరానికి గుర్తుగా మారాయి. ఏడాది పొడవునా ఒకదాని తర్వాత ఒకటి పూసేలా చెట్లను నాటే పద్ధతిని, 1908లో లాల్‌బాగ్ బాధ్యతలకు వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త గుస్టావ్ హెర్మన్ క్రుంబీగల్ పేరుతో చెప్పుకుంటారు. వీధుల వెంట పెద్దయెత్తున మొక్కలు నాటిన ఘట్టం మాత్రం 1980లలో అటవీ అధికారి ఎస్.జి. నెగినహాళ్ చేపట్టిన కార్యక్రమంతో ముడిపడింది. ఈ చెట్లన్నీ మన ఆకాశమల్లె కుటుంబానివే.

అయితే ఈ పూలచెట్లన్నీ ఇపే కావు. చాలాకాలం వృక్షశాస్త్రజ్ఞులు వీటన్నిటినీ టబెబుయా అనే ఒకే ప్రజాతిగా లెక్కించారు. 2007లో జన్యు ఆధారాలతో జరిగిన పునర్వర్గీకరణలో ఆ గుంపు మూడు ముక్కలైంది: టబెబుయా, హాండ్రోఆంథస్, రోజియోడెండ్రాన్. గట్టి, బరువైన, లాపకాల్ అనే పసుపు పదార్థంతో నిండిన కలపనిచ్చే జాతులన్నీ హాండ్రోఆంథస్ వైపు చేరాయి. ఇపే అంటే ఇవే. జన్యు ఆధారాలతో తేలిన ఆ గీతను కోత మిల్లులో రంపం ఎప్పుడో గీసి ఉంచిందనుకోవచ్చు. బెంగళూరులో ముదురు గులాబీ పూలు పూసే హాండ్రోఆంథస్ ఇంపెటిజినోసస్ అసలైన ఇపే జాతుల్లో ఒకటి. లేత గులాబీ పూల టబెబుయా రోజియా, వెండిరంగు ఆకుల మీద పసుపు పూలు పూసే టబెబుయా ఆరియా మాత్రం పాత ప్రజాతిలోనే మిగిలాయి. వాటి కలప తేలికైనది, బయట వాడకానికి ఓర్చుకోదు.

గాలివానకు పడిపోయిన వీధి చెట్టును కోయిస్తే ఇపే పలకలు వస్తాయా అన్న ప్రశ్న అప్పుడప్పుడు వినిపిస్తుంది. వయసు చాలని చెట్టులో మధ్యనుండే చేవ తక్కువ, పైనుండే రసదారువు ఎక్కువ. అడవిలో శతాబ్దం పైబడి పెరిగిన మానులోని చేవకున్న మన్నిక, నలభయ్యేళ్ల వీధి చెట్టుకు రాదు. పైగా నగరంలో చెట్టు కొట్టడానికి 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి.

ఆ బరువు ఎక్కడిది

ఏ చెట్టు కలపైనా, దాని కణాల గోడలుగా ఉన్న పదార్థం సాంద్రత దాదాపు ఒకటే. ఘనమీటరుకు సుమారు 1,500 కిలోలు. బూరుగు తేలిగ్గా ఉండటానికీ సండ్ర బరువుగా ఉండటానికీ కారణం ఆ గోడల మందం, వాటి మధ్యనున్న ఖాళీ. టేకు సాంద్రత ఘనమీటరుకు సుమారు 650 కిలోలు కాబట్టి దాని పరిమాణంలో సగానికి పైగా ఖాళీయే. ఇపేలో ఘనమీటరుకు 1,050 నుంచి 1,100 కిలోల దాకా పదార్థం ఉంటుంది. అంటే మూడింట రెండొంతులకు పైగా గట్టి గోడలే. నారకణాల గోడలు ఎంత మందంగా పెరుగుతాయంటే, మధ్యలో సన్నని రంధ్రం తప్ప మరేమీ మిగలదు. అందుకే ఎండిన ఇపే ముక్కను బక్కెట్టు నీళ్లలో వేస్తే తరచుగా మునిగిపోతుంది.

మన అడితుల్లో లెక్క ఘనపుటడుగుల్లో కాబట్టి అదే భాషలో చెప్పుకుంటే, ఘనపుటడుగు టేకు సుమారు 18 కిలోలు తూగితే, ఇపే 30 కిలోలు తూగుతుంది. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న తలుపుకు మూడు ఘనపుటడుగులకు పైగా కలప పడుతుంది. టేకుతో చేయిస్తే ఆ తలుపు 56 కిలోల దగ్గర ఆగుతుంది. ఇపేతో చేయిస్తే 90 కిలోలు దాటుతుంది. రోజుకు పాతికసార్లు తెరిచి మూసే తలుపు బందుల మీదా, గుమ్మం కమ్మీ మీదా పడే ఆ అదనపు భారం ఊరికే పోదు.

గట్టిదనాన్ని కొలిచే జాంకా పరీక్షలో 11.28 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు బంతిని సగం లోతు వరకు కలపలోకి దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. టేకుకు ఆ బలం సుమారు 485 కిలోల బరువుకు సమానం. ఇపేకు సుమారు 1,600 కిలోలు. అంటే మూడింతలకు పైనే. మడమ ఎత్తున్న చెప్పులు, కుర్చీ కాళ్లు, జారిపడిన పూలకుండీ టేకు నేల మీద గుంటలు చేస్తాయి. ఇపే మీద గీత కూడా పడకపోవచ్చు. వంగుడును తట్టుకునే శక్తిలోనూ ఇపే టేకుకు దాదాపు రెట్టింపు. పోర్చుగీసు వాళ్లు దీనికి పెట్టిన "పౌ డార్కో" అన్న పేరుకు విల్లుకర్ర అని అర్థం. అక్కడి మూలవాసులు దీంతో విల్లులు చేసుకునేవారు. నేటికీ వయొలిన్ కమానుల తయారీలో ఇది వాడుకలో ఉంది.

పసుపు పొడి, సున్నం

ఇపే పలకను అడ్డంగా కోసి చూస్తే, నాళాల్లో ఆకుపచ్చ ఛాయగల పసుపు పొడి కనిపిస్తుంది. రంపం పెట్టిన చోట పరుచుకునే పొట్టు కూడా పసుపుగానే ఉంటుంది. ఈ పొడి పేరు లాపకాల్. దక్షిణ అమెరికాలో చెట్టుకున్న మరో పేరు లపాచో నుంచి ఆ పేరు వచ్చింది. దాని మీద క్షారగుణమున్న నీళ్లు పడితే వెంటనే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి దిష్టి నీళ్లు తయారుచేసే ఇళ్లలో ఈ రంగు మార్పుకు ఎవరూ ఆశ్చర్యపోరు. పదార్థాలు వేరైనా చూపు మోసపోయేంత పోలిక ఉంది. చిటికెడు పొట్టును సున్నపు తేటలో వేసి చూడటం అడితి దగ్గరే చేయగల తొలి పరీక్ష. ఎర్రబడకపోతే అది ఇపే అన్న మాటను అనుమానించవచ్చు. ఎర్రబడితే మాత్రం ఇపే అని తేలిపోయినట్టు కాదు, ఎందుకంటే ఇదే కోవ రసాయనాలు టేకుతో సహా కొన్ని ఇతర చెట్లలోనూ ఉన్నాయి.

చెట్టుకు లాపకాల్ కవచం వంటిది. చేవ ఏర్పడే క్రమంలో కణాలు చనిపోయే ముందు ఇలాంటి పదార్థాలను నింపుకొంటాయి. చెదలకూ, పుచ్చు తెచ్చే శిలీంధ్రాలకూ అవి విషం. దానికి తోడు గోడలు మందం, ఖాళీ తక్కువ కాబట్టి నీరు లోపలికి దిగడమే కష్టం. శిలీంధ్రం బతకాలంటే కలపలో తేమ ఇరవై శాతం దాటి నిలవాలి. తడిసిన పైపొర ఎండలో తొందరగా ఆరిపోయి, లోపలికి తేమ చేరకపోతే పుచ్చు మొదలుకాదు. ఐరోపా ప్రమాణాల్లో ఇపేకు సహజ మన్నికలో మొదటి తరగతి దక్కింది ఈ రెండు కారణాల కలయిక వల్లే. రసదారువుకు మాత్రం ఈ రక్షణ లేదు. పలక అంచున లేత రంగు పట్టీ మిగిలి ఉంటే చెదలు అక్కడి నుంచే మొదలుపెడతాయి.

ఇదే ప్రమాణంలో సహజ అడవుల టేకుది కూడా మొదటి తరగతే. తోటల టేకుకు మాత్రం ఒకటి నుంచి మూడు దాకా ఎక్కడైనా చోటు దక్కవచ్చు. ఇరవయ్యేళ్లకు నరికిన టేకులో చేవ ఇంకా పూర్తిగా పదును తేలి ఉండదు. "బ్రెజిల్ టేకు" అన్న మాట మీద నమ్మకంతో కొన్న గుమ్మం పదేళ్లకే పుచ్చిందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం జాతిలో కాదు, వయసులో ఉంటుంది.

లాపకాల్ వడ్రంగులకు మరో రకంగా పరిచయమవుతుంది. ఆ పొట్టు కొందరి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, ముక్కూ కళ్లూ మండిస్తుంది. ముఖానికి మాస్కు, పొట్టు లాగే యంత్రం లేకుండా మూసిన గదిలో ఇపేను కోయడం మంచిది కాదు. బెరడు కషాయానికి వైద్యగుణాలున్నాయన్న ప్రచారం చాలా ఉన్నా, దానికి తగిన రుజువు లేదు.

ఎండ, వాన, ఆ మధ్య ఖాళీ

బెంగళూరు వాతావరణం కలపకు చెన్నై కంటే చిక్కైనది. చెన్నైలో సముద్రపు గాలి వల్ల ఏడాదంతా తేమ ఒక స్థాయిలో నిలుస్తుంది. బెంగళూరులో ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి బాగా పొడిబారి, వానాకాలంలో మళ్లీ తేమతో నిండిపోతుంది. కలప ఆ మార్పును అనుసరించి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ఇపే పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేదాకా వెడల్పులో సుమారు 7 శాతం తగ్గుతుంది. తేమ ఒక శాతం మారితే నాలుగోవంతు శాతం కదలిక అనుకోవచ్చు. 140 మిల్లీమీటర్ల వెడల్పున్న పలకలో తేమ అయిదు శాతం మారితే దాదాపు 1.7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. వినడానికి అల్పమే. కానీ పలకల మధ్య సందు వదలకుండా బిగిస్తే, పది పలకల కదలిక కలిసి అంగుళంలో మూడొంతులకు చేరువవుతుంది. దాన్ని ఆపే శక్తి ఏ స్క్రూకూ లేదు. వానాకాలంలో డాబా మీది చెక్కనేల మధ్యలో పైకి లేచిందంటే చాలాసార్లు కారణం ఇదే. పలకల మధ్య అయిదారు మిల్లీమీటర్లు వదలడం, కింద గాలి ఆడేలా కమ్మీల మీద పరచడం, కోసిన చివర్లకు మైనం పూత పూయడం తప్పనిసరి పనులు. నీరు లోపలికి చేరేది ఎక్కువగా చివర్ల నుంచే.

రంగు విషయంలో ఆశాభంగం ఎక్కువ. కొత్త పలక నూనె పట్టించగానే చాక్లెట్ రంగులో మెరుస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలో కణాలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన సెల్యులోజు వెండి బూడిద రంగులో కనిపిస్తుంది. కొన్ని నెలల్లోనే ఇది జరిగిపోతుంది. బలానికి ఏ నష్టమూ ఉండదు, కేవలం పైపొర మార్పు. అసలు రంగు నిలవాలంటే ఏటా శుభ్రం చేసి నూనె పట్టించాలి. మందమైన పాలియురెథేన్ పూత ఇపే మీద ఎక్కువకాలం నిలవదు. లోపలికి ఇంకడానికి రంధ్రాలే తక్కువైన కలప మీద ఆ పొర అరటి తొక్కలా ఊడి వస్తుంది. పలచని, ఇంకే నూనెలే దీనికి సరిపడతాయి.

మరో రెండు సంగతులు అమ్మకం దగ్గర పెద్దగా చెప్పరు. సాంద్రత పెరిగేకొద్దీ కలప వేడిని తొందరగా చేరవేస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం నీడలేని ముదురు రంగు ఇపే నేల మీద వట్టికాళ్లతో నడవడం కష్టం. టేకు మీద కొంత నయం. రెండోది, తడిసినప్పుడు జారడం. పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం ముందరి విశాలమైన మెట్లూ వేదికా ఇపేతో పరిచినవే. వానలో అవి జారుడుగా మారడం అక్కడ ప్రసిద్ధమైన ఫిర్యాదు. ఈత కొలను అంచున వాడదలిస్తే గాళ్లు తీసిన పలకలో, అదనపు పట్టున్న పట్టీలో అవసరమవుతాయి.

వడ్రంగి చేతిలో

ఇపేతో పని నేర్చుకోని వడ్రంగి మొదటి గంటలోనే రెండు మూడు డ్రిల్ బిట్లు విరగ్గొడతాడు. ముందుగా రంధ్రం చేయకుండా స్క్రూ బిగిస్తే తల తెగి చేతిలోకి వస్తుంది, శరీరం చెక్కలో ఉండిపోతుంది. దాన్ని తీయడం కొత్త పలక వేయడం కంటే పెద్ద పని. కార్బైడ్ పళ్ల రంపాలు, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు తప్పనిసరి. చేతి చిత్రికతో నునుపు చేయడం వృథా శ్రమ. నారలు ఒక వరుసలో కుడికీ, మరో వరుసలో ఎడమకూ అల్లుకొని ఉండటంతో చిత్రిక ఎటు పట్టినా కొంత నార ఎదురు తిరిగి చిట్లుతుంది. జిగురు కూడా సరిగా పట్టదు. అందుకే మంచి పనిమంతులు జిగురు అతుకుల మీద ఆధారపడకుండా, కింద నుంచి క్లిప్పులతో గానీ పై నుంచి స్క్రూలతో గానీ బిగిస్తారు.

కూలీ లెక్కల్లో ఇది పెద్ద తేడా తెస్తుంది. టేకుకు మాట్లాడుకున్న రేటుకే ఇపే పని ఒప్పుకున్న మేస్త్రీ, సగంలో పని వదిలేసి వెళ్లడమో, రంధ్రాలు చేయకుండా తొందరపడి పలకలు చీల్చడమో జరుగుతుంది. మొదటే రేటు వేరుగా మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది.

గుమ్మానికి ఏది, డాబాకు ఏది

తెలుగు ఇళ్లలో ద్వారబంధం నిలబెట్టడానికి ముహూర్తం పెట్టించి పూజ చేస్తారు. ఆ కలప మీద శ్రద్ధ సహజం. అక్కడ కలప నుంచి కోరేది చక్కగా చెక్కడానికి అనువుగా ఉండటం, రుతువు మారినా మెలి తిరగకపోవడం, తలుపు తేలిగ్గా ఆడటం. టేకు వెడల్పులో కుంచించుకుపోయేది సుమారు 5 శాతమే, ఇపే కంటే తక్కువ. సహజమైన జిడ్డు వల్ల ఉలికి లొంగుతుంది, లక్ష్మీదేవినో ఏనుగులనో చెక్కడానికి సహకరిస్తుంది. ఇపే మీద అదే చెక్కడం రెండు మూడింతల సమయం తింటుంది. వానా ఎండా నేరుగా పడని చోట దాని అదనపు మన్నిక ఉపయోగం లేకుండా మిగిలిపోతుంది. కర్ణాటకలో హొన్నె అనీ, మనవైపు వేగిస అనీ పిలిచే కలప, మద్ది కూడా గుమ్మాలకు తరతరాలుగా నిలిచినవే. ఇంటి లోపలి పనికి వీటన్నిటినీ వదిలి ఇపే వైపు వెళ్లడానికి సాంకేతిక కారణం కనిపించదు.

డాబా తోట, బాల్కనీ నేల, ఈత కొలను అంచు, తోటలోని బల్లలు, చెరువు గట్టు మీది నడకదారి వంటి చోట్ల లెక్క తిరగబడుతుంది. అక్కడ చెక్క అరుగుదలకు, ఎండకు, నీటికి, చెదలకు ఒకేసారి ఎదురొడ్డాలి. న్యూయార్క్ కోనీ ఐలండ్ సముద్రతీర నడకదారిలో ఇపే పలకలు వాడారు. లక్షల మంది నడిచే చోట దాన్ని ఎంచుకోవడానికి కారణం ఈ లక్షణాల కలయికే. 2008లో ఆ నగర మేయరు మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఉష్ణమండల కలప వాడకాన్ని తగ్గిస్తామని ప్రకటించిన తర్వాత కొన్ని భాగాల్లో కాంక్రీటు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. కలప గుణం మారలేదు, దాన్ని తెచ్చే అడవి పరిస్థితి మారింది.

అదే ఖండం నుంచి వచ్చే ఇతర కలపలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కుమారు బరువులో, గట్టిదనంలో ఇపేకు చాలా దగ్గర. దాని గింజే సువాసనకు వాడే టోంకా గింజ. జటోబా ఎర్రని గోధుమ రంగులో ఉంటుంది, ఇంటి లోపలి నేలలకు బాగుంటుంది. పర్పుల్‌హార్ట్ కోసినప్పుడు మామూలు గోధుమ రంగులో ఉండి, వెలుతురు సోకాక ఊదాగా మారుతుంది. ఏళ్లు గడిస్తే మళ్లీ గోధుమలోకి దిగిపోతుంది. మసరందూబా మన సపోటా, పాల చెట్ల ప్రజాతికే చెందినది. సపోటా కర్ర కోసి చూసినవారికి దాని బరువు, ఎరుపు తెలిసినవే. గయానా నుంచి వచ్చే గ్రీన్‌హార్ట్ ఓడరేవుల్లో నీటిలో దిగేసే స్తంభాలకు పేరుపొందింది.

సైటిస్ జాబితా వల్ల ఏం మారింది

2022 నవంబరులో పనామాలో జరిగిన సైటిస్ సభ్యదేశాల సమావేశం హాండ్రోఆంథస్, టబెబుయా, రోజియోడెండ్రాన్ ప్రజాతులను రెండో అనుబంధంలో చేర్చింది. కుమారు చెట్టు ప్రజాతినీ అదే సమావేశంలో చేర్చారు. దేశాలు సిద్ధం కావడానికి 24 నెలల గడువిచ్చి, 2024 నవంబరు 25 నుంచి అమలు చేశారు. ఈ జాబితా గురించి మార్కెట్లో రెండు అపోహలున్నాయి. ఒకటి, ఇపే వ్యాపారం నిషేధమైందని. మరొకటి, ఇదంతా ఎగుమతి చేసే దేశం గొడవ, మనకు సంబంధం లేదని. రెండూ తప్పే.

రెండో అనుబంధం అంటే ఏమిటో తెలుగువారికి ఎర్రచందనం ద్వారా తెలుసు. శేషాచలం అడవుల్లో పెరిగే ఆ చెట్టు 1995 నుంచి అదే అనుబంధంలో ఉంది. ఈ అనుబంధంలోని సరుకు దేశం దాటాలంటే, ఎగుమతి చేసే దేశం అధికార సంస్థ అనుమతి పత్రం ఇవ్వాలి. ఆ చెట్టును చట్టబద్ధంగా కొట్టారని ధ్రువీకరించాలి, దాన్ని కొట్టడం వల్ల అడవిలోని ఆ జాతి మనుగడకు హాని లేదని శాస్త్ర సంస్థ తేల్చాలి. ఇపే విషయంలో ఈ నియమం దుంగలు, కోత కలప, పలచని వెనీర్, ప్లైవుడ్, గాళ్లు తీసి నునుపు చేసిన పలకలకు వర్తిస్తుంది. పూర్తిగా తయారైన కుర్చీ, బల్ల వంటి వస్తువులకు వర్తించదు. డాబాకు వచ్చే డెక్కింగ్ పలకలు నియమం పరిధిలోకే వస్తాయి. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, సైటిస్ జాబితాలోని జాతులకు చట్టంలోనే ప్రత్యేక షెడ్యూలు కల్పించింది. కాబట్టి చెన్నై రేవులో దిగి బెంగళూరుకు లారీ ఎక్కే సరుకుకు పత్రం లేకపోతే అది ఇక్కడి చట్టం ప్రకారమే సమస్య.

ఈ జాబితా అవసరమెందుకు పడిందన్నది అడవిలో ఇపే పెరిగే తీరులో ఉంది. టేకు తోటలా ఇపే గుంపుగా పెరగదు. అమెజాన్ అడవిలో కోతకు తగిన ఇపే మాను సగటున హెక్టారుకు ఒకటి కూడా ఉండదు. ఒక్కో చెట్టు కోసం యంత్రాలు అడవిలోకి కొత్త దారులు తీస్తాయి. ఆ దారుల వెంటే ఇతర చెట్ల నరికివేత, ఆక్రమణలు వస్తాయి. వ్యాసం ఏటా కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. బ్రెజిల్‌లో ఒకే చోట రెండు కోతల మధ్య విరామం 25 నుంచి 35 ఏళ్లు. ఆ విరామంలో తిరిగి పూడ్చుకునేంత వేగం ఈ చెట్టుకు లేదు.

దీనికి తోడు కాగితాల మాయ ఒకటుంది. బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో కోత అనుమతుల కోసం సమర్పించిన లెక్కలను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చింది. అనుమతి ప్రాంతాల్లో ఉన్న ఇపే పరిమాణాన్ని అసలు కంటే ఎక్కువ చేసి చూపుతున్నారని అది తేల్చింది. లేని చెట్ల పేరుతో పుట్టిన మిగులు లెక్కలు, అనుమతి లేని చోట కొట్టిన కలపకు చట్టబద్ధమైన ముసుగుగా మారతాయి. ముద్ర అసలుదే, సంతకమూ అసలుదే, చెట్టు మాత్రం మరోచోటిది. ఎగుమతి పత్రం ఒక్కటే చాలు అనే వాదన ఇక్కడే బలహీనపడుతుంది.

సమీప కాలంలో దీని ప్రభావం ఇక్కడి మార్కెట్టు మీద మూడు దిక్కులుగా కనిపించే అవకాశముంది. పత్రాల ఖర్చూ జాప్యమూ కలిసి అసలైన ఇపే ధరను పైకి తోస్తాయి. జాబితాలో లేని మసరందూబా, జటోబా వంటివి దాని స్థానంలోకి వస్తాయి, కొన్నిసార్లు దాని పేరుతోనే వస్తాయి. వేడి ఆవిరితో పదును పెట్టిన పైన్, ఆష్ పలకలు, ఒత్తిన వెదురు, కలపపొడి కలిసిన ప్లాస్టిక్ పలకలు డాబాల మీద ఎక్కువ చోటు సంపాదిస్తాయి. వీటిలో ఏదీ ఇపే అంత గట్టిది కాదు. అయితే మూడో అంతస్తు బాల్కనీలో నలుగురు కూర్చునే చోటుకు అంత గట్టిదనం అక్కర్లేదన్నది కూడా నిజమే.

కొనే ముందు

పరీక్షలకు ఒక క్రమం ఉంటే మేలు. ముందు చీటీ మీద వ్యాపార పేరు కాకుండా శాస్త్రీయ నామం రాయించుకోవాలి. ఇపే అయితే హాండ్రోఆంథస్ అని, కుమారు అయితే డిప్టెరిక్స్ అని, తోటల టేకు అయితే టెక్టోనా గ్రాండిస్ అని. పేరు రాయడానికి వెనుకాడే చోట మిగతా ప్రశ్నలు అక్కర్లేదు. తర్వాత ఘనపుటడుగు ముక్కను తూచాలి. ఎండిన ఇపే అని చెప్పే కలప పాతిక కిలోల లోపు తూగితే ఆ మాట నిలవదు. అడ్డకోత మీద పసుపు పొడి, సున్నపు తేటతో ఎరుపు, నిలువు ముఖం మీద భూతద్దంలో కనిపించే సన్నని సమాంతర అలలు తదుపరి గుర్తులు. అలల్లాంటి ఆ గీతలు కణాలు వరుసలు తీరి ఉండటం వల్ల ఏర్పడేవి. టేకులో అవి కనిపించవు.

ఇంత చేసినా సందేహం మిగిలితే బెంగళూరు వాసులకు ఒక సౌలభ్యం ఉంది. మల్లేశ్వరంలోని కేంద్ర ప్రభుత్వ కలప శాస్త్ర సాంకేతిక సంస్థ కలప నమూనాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి జాతిని గుర్తించి చెబుతుంది. కొనబోయే లాటులోంచి చేవ భాగం ఉన్న చిన్న ముక్క చాలు. అయితే ఆ నివేదిక చెట్టు ఏ కోవకు చెందిందో చెబుతుంది గానీ, అది ఏ అడవి నుంచి వచ్చిందో చెప్పదు. ఆ సమాధానం కోసం దిగుమతిదారు దగ్గర ఉండాల్సిన సైటిస్ అనుమతి పత్రం నకలు, రేవు దగ్గర దాఖలైన బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాల పత్రం) అడగాలి. ఆ రెంటిలో పరిమాణం, తేదీ, జాతి పేరు కుదరాలి. 2024 నవంబరు 25కు ముందే దేశంలోకి వచ్చిన పాత నిల్వ అని చెప్పి అమ్మేవారు కొంతకాలం ఉంటారు. అది నిజమైతే బిల్ ఆఫ్ ఎంట్రీ మీది తేదీయే ఆ సంగతి చెబుతుంది.